వాయిదాను దాచని గడియారం: రాకెట్ ప్రయోగాల కౌంట్‌డౌన్ పరికరంతో ఆరు వారాలు

నమస్కారం. నా బల్ల మీద మీకు కనిపిస్తున్న ఈ చిన్న పరికరం, ప్రపంచంలో జరగబోయే రాకెట్ ప్రయోగాలను వరుసగా చూపిస్తూ, ఒక్కొక్క దానికి ఇంకా ఎంత సమయం మిగిలిందో చెప్పే గడియారం. దీన్ని తయారుచేసిన సంస్థే నాకు ఉచితంగా పంపించింది. సమీక్ష కోసం నేను డబ్బు తీసుకోలేదు, ఈ వీడియోను ముందుగా వారికి చూపించలేదు, వాడకం పూర్తయింది కనుక నమూనాను తిరిగి పంపించేస్తున్నాను. తెర కొలత, బరువు, వైఫై వివరాలు మీరు ఇప్పటికే వేరే వీడియోలలో చూసే ఉంటారు, కాబట్టి వాటిని మళ్ళీ చదివి వినిపించను.

ఈ ఆరు వారాలూ నేను ఒకే ప్రశ్నతో దీన్ని గమనించాను. అనుకున్న వేళకు ప్రయోగం జరగనప్పుడు ఇది ఏం చేస్తుంది? సమయానికి ఎగిరే రాకెట్‌ను ఏ గడియారమైనా సరిగ్గానే లెక్కిస్తుంది. ప్రయోగాలను ఏళ్ళ తరబడి వెంబడించేవారి కాలమంతా గడిచేది మాత్రం వాయిదాల మధ్యనే.

ముందు నాకు అమితంగా నచ్చిన విషయం. అంతరిక్ష సంస్థలు నెలల ముందు ప్రకటించే తేదీలకు చాలావరకు 'ఇంతకు ముందు కాదు' అనే అర్థమే ఉంటుంది. జూన్ అని ప్రకటిస్తే జూన్‌కు ముందు జరగదని మాత్రమే అనుకోవాలి తప్ప, జూన్‌లో జరిగి తీరుతుందని కాదు. ఈ పరికరం ఆ తేడాను గౌరవిస్తుంది. నెల మాత్రమే తెలిసిన ప్రయోగానికి నెల పేరు మాత్రమే బూడిద రంగులో చూపిస్తుంది. రోజు తెలిసిన తరువాత రోజులను లెక్కించడం మొదలుపెడుతుంది, క్షణం ఖరారైన తరువాతనే సెకన్ల అంకెలను వెలిగిస్తుంది.

ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. నేను ఇంతకు ముందు మూడేళ్ళ పాటు వాడిన ఒక ఫోన్ యాప్, నెల మాత్రమే తెలిసిన ప్రతి ప్రయోగాన్నీ ఆ నెలాఖరు రోజు అర్ధరాత్రికి కట్టేసి, సెకన్లతో సహా లెక్కించేది. ఆ అంకెలను నమ్మి ఒకసారి నేను సెలవు పెట్టి, రాత్రంతా మేలుకుని కూర్చుంటే, తెల్లవారేసరికి ఆ ప్రయోగం మరుసటి నెలాఖరుకు మారిపోయి, కొత్త సెకన్లు అంతే ధీమాగా పరుగెడుతూ కనిపించాయి. ఆ ప్రయోగానికి నిజానికి తేదీయే లేదని నాకు తెలిసింది ఆ తరువాతే. తెలియని దాన్ని తెలిసినట్లు చూపించే అంకె కంటే ఖాళీ గడి ఎంతో మేలని నేను ఆ రోజే అనుకున్నాను. ఈ గడియారం ఆ ఖాళీని ఖాళీగానే ఉంచుతుంది.

దీనికి అనుబంధంగా ఉన్న మరో సౌకర్యం వాయిదాల చరిత్ర. పరికరం మీద ఉన్న చక్రాన్ని ఎడమకు తిప్పితే, ఎంచుకున్న ప్రయోగానికి ఇదివరకు ప్రకటించిన తేదీలూ వాటి పక్కన కారణాలూ ఒకదాని కింద ఒకటి వస్తాయి. పాత ప్రయోగాలకు కూడా ఇది పనిచేస్తుంది. నాసా మనుషులు లేకుండా చంద్రుడి చుట్టూ పంపిన ఆర్టెమిస్-1ను తెరిచి చూడండి. 2022 ఆగస్టు 29న ఒక ఇంజిన్ తగినంత చల్లబడినట్లు కనిపించక ఆగింది, సెప్టెంబరు 3న హైడ్రోజన్ లీకై ఆగింది, ఆ నెలాఖరు ప్రయత్నాన్ని ఇయన్ తుఫాను అడ్డుకుంది, చివరకు నవంబరు 16న ఎగిరింది. శుభాంశు శుక్లా వెళ్ళిన యాక్సియం-4 కథ కూడా ఇలాంటిదే. 2025 మే 29న అనుకున్నది వాతావరణం వల్ల, రాకెట్‌లో ద్రవ ఆక్సిజన్ లీక్ వల్ల, అంతరిక్ష కేంద్రంలోని రష్యా విభాగమైన జ్వెజ్దా మాడ్యూల్‌లో జరిగిన మరమ్మతుల పరిశీలన వల్ల పదేపదే వాయిదా పడి, జూన్ 25న నెరవేరింది. ఇలా వరుసగా చదివితే, వాతావరణం వల్ల ఆగిన ప్రయోగం ఒకటి రెండు రోజుల్లో తిరిగి రావచ్చనీ, లీక్ వల్ల ఆగినది వారాలు పట్టవచ్చనీ మనకే ఒక అంచనా ఏర్పడుతుంది. నేను ఈ తెర ముందు గడిపిన సమయంలో సగానికి పైగా ఈ చరిత్రలోనే గడిచింది.

లాంచ్ విండోను, అంటే రాకెట్ బయలుదేరడానికి వీలున్న సమయాన్ని, చూపించే పద్ధతి కూడా చక్కగా ఉంది. గంటల విండో ఉన్న ప్రయోగానికి గుండ్రటి అంచు మీద పొడవైన చాపం వెలుగుతుంది. అంతరిక్ష కేంద్రానికి వెళ్ళే ప్రయోగాలకు చాలావరకు ఒక్క చుక్క మాత్రమే వెలుగుతుంది. ఆ కేంద్రపు కక్ష్య భూమధ్యరేఖకు 51.6 డిగ్రీల వాలులో ఉంటుంది. భూమి తిరుగుతున్నప్పుడు ప్రయోగ స్థలం ఆ కక్ష్యాతలం కిందికి వచ్చే క్షణంలోనే రాకెట్ బయలుదేరాలి, ఆలస్యమైతే తలాన్ని సరిదిద్దుకోవడానికి ఇంధనం వృథా అవుతుంది. 2020 మే 27న, స్పేస్‌ఎక్స్ తొలిసారి మనుషులను పంపబోయిన డెమో-2 ప్రయోగం, ఉరుముల మేఘాల కారణంగా, ఇంకా 17 నిమిషాలు కూడా లేవనగా రద్దయి మే 30కి మారింది. కొద్దిసేపు ఆగి చూసే వీలు వారికి ఎందుకు లేదని అప్పట్లో నన్ను చాలామంది అడిగారు. వారికి ఈ చుక్కను చూపించి ఉంటే నేను చెప్పవలసింది ఏమీ మిగిలేది కాదు.

ఇప్పుడు నాకు కోపం తెప్పించిన విషయానికి వస్తాను. ఈ గడియారానికి హోల్డ్ అంటే ఏమిటో తెలియదు. కౌంట్‌డౌన్ గడియారాన్ని ప్రయోగ బృందం ఆపగలదు, ఎన్నో రాకెట్లకు ముందే నిర్ణయించిన విరామాలు ఉంటాయి. స్పేస్ షటిల్ రోజుల్లో 43 గంటల వద్ద మొదలైన గడియారం, మధ్యలో ఉన్న విరామాల కారణంగా, సున్నాకు చేరడానికి దాదాపు మూడు రోజులు తీసుకునేది. అందుకే విరామాల్లో ఆగిపోయే టీ మైనస్ అనే లెక్క వేరు, ప్రయోగానికి వాస్తవంగా మిగిలిన కాలాన్ని చెప్పే ఎల్ మైనస్ లెక్క వేరు. ఈ పరికరం రెండవ దాన్ని మాత్రమే లెక్కిస్తూ, దానికి టీ మైనస్ అని పేరు పెట్టింది. ఇంత శ్రద్ధగా తేదీలను చూపించిన వారు ఇక్కడ ఎలా పొరబడ్డారో నాకు అర్థం కాలేదు.

దీని ఫలితాన్ని నేను కళ్ళారా చూశాను. నాలుగవ వారంలో ఒక ప్రయోగం చివరి నిమిషాల్లో ఆగిపోయింది. ప్రత్యక్ష ప్రసారంలో వ్యాఖ్యాత హోల్డ్ అని ప్రకటించి కారణం వివరిస్తూ ఉండగా, ఈ పరికరం మాత్రం సున్నా దాకా లెక్కించి, పచ్చగా వెలిగి, రాకెట్ బయలుదేరినట్లు మోత మోగించింది. తప్పు దిద్దుకోవడానికి దానికి ఆరు నిమిషాలు పట్టింది. 2023 అక్టోబరు 21న వ్యోమగాములను ప్రమాదం నుంచి తప్పించే వ్యవస్థను పరీక్షించిన గగన్‌యాన్ టీవీ-డీ1లో, ఉదయం 8 గంటల ప్రయోగం 8:45కి వాయిదా పడిన తరువాత, స్వయంచాలక వ్యవస్థ సరిగ్గా 5 సెకన్ల ముందు అన్నింటినీ నిలిపివేసింది, తరువాత 10 గంటలకు వాహనం ఎగిరింది. 2019 జులై 15న చంద్రయాన్-2 కౌంట్‌డౌన్ 56 నిమిషాల 24 సెకన్ల వద్ద ఆగింది, అది 22న బయలుదేరింది. గుండె చప్పుడు మనకే వినిపించే అలాంటి క్షణాల్లో, ఆగిపోయిన గడియారమే అసలు వార్త. ఆ క్షణంలో పచ్చ దీపం వెలిగించే పరికరాన్ని నేను క్షమించలేకపోయాను. చాలా ప్రయోగాల ప్రత్యక్ష ప్రసారాలు తెరమీదనే కౌంట్‌డౌన్‌ను చూపిస్తాయి, వ్యాఖ్యాతలు హోల్డ్‌ను వెంటనే ప్రకటిస్తారు. ఆ సమాచారం ఈ పరికరానికి చేరే ఏర్పాటు జరిగేలోగా, కనీసం ఆఖరి పది నిమిషాల్లో 'ప్రసారం చూడండి' అని రాసి ఊరుకున్నా సరిపోయేది.

అలారాల గురించి క్లుప్తంగా చెబుతాను. ఒక రోజు, ఒక గంట, పది నిమిషాల ముందు మోగుతుంది. నేను కోరుకునేది మాత్రం స్పేస్‌ఎక్స్ రాకెట్ ఫాల్కన్-9కి 38 నిమిషాల ముందు మోగే అలారం, ఎందుకంటే ఇంధనం నింపడానికి అనుమతి ఇచ్చేది అప్పుడే. 35 నిమిషాల వద్ద నింపడం మొదలవుతుంది. ఇంధనంతో పాటు నింపే, బాగా చల్లబరిచిన ద్రవ ఆక్సిజన్ వేడెక్కుతుంది కనుక ఆ తరువాత ఎక్కువసేపు ఆగి ఉండటం కుదరదు. కాబట్టి ఆ అనుమతి వచ్చిందంటే కుర్చీ లాక్కుని కూర్చోవచ్చని అర్థం. ప్రసారం కొన్ని సెకన్లు ఆలస్యంగా మనకు చేరుతుంది కనుక గడియారాన్ని అన్ని సెకన్లు వెనక్కి జరుపుకునే వీలు ఇచ్చారు, అది బాగుంది. మోత మాత్రం కర్కశంగా ఉంది, రెండవ రోజే తగ్గించేశాను.

కాగితంలా కనిపించే ఈ తెర పగటి వెలుగులో హాయిగా ఉంటుంది, చక్రం గట్టిగా ఉంది, ఆరు వారాల్లో ఒక్కసారే నిలిచిపోయి మళ్ళీ ఆన్ చేయవలసి వచ్చింది. వీటి గురించి ఇంతకంటే చెప్పడానికి నాకేమీ లేదు.

కొనాలా వద్దా అని అడిగితే, ప్రయోగం రోజున మాత్రమే కావలసిన వారికి ఇది వద్దు, ఆ పని ప్రత్యక్ష ప్రసారం ఇంతకంటే బాగా చేస్తుంది. రాబోయే నెలల ప్రయోగాలను ఒక కంట కనిపెడుతూ, ఏ తేదీ గట్టిదో ఏది ఇంకా గాలిలో ఉందో తెలుసుకోవాలనుకునే వారికి మాత్రం నేను వాడిన వాటిలో దీన్ని మించినది లేదు. హోల్డ్ విషయం సంస్థకు రాశాను, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో సరిచేస్తామని జవాబు వచ్చింది. నమూనా రేపు వెనక్కి వెళుతుంది. ఆ అప్‌డేట్ వచ్చిన రోజున నా డబ్బుతో ఒకటి కొని, హోల్డ్ పడిన మొదటి ప్రయోగాన్ని దీని పక్కనే కెమెరా పెట్టి మీకు చూపిస్తాను.