పాటకి ఓటేస్తే ఏం లెక్కకొస్తుంది?

అందరికీ నమస్కారం.

సంగీతం గురించి ఏదైనా మాట్లాడమని పిలిచారు. నాకు సరిగమలు రావు. ముప్పై ఏళ్లు స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పినవాణ్ని. అందుకని పాటల జోలికి పోను, పాటలకి జనం వేసే ఓట్ల గురించి చెబుతాను.

దీనికి కారణం మా అమ్మాయే. తనకి కొరియా పాటలంటే పిచ్చి. ఓ గురువారం మధ్యాహ్నం రెండున్నరకి పరిగెత్తుకుంటూ వచ్చి "నాన్నా, నీ మెయిల్‌కి కోడ్ వస్తుంది, తొందరగా చెప్పు" అంది. బ్యాంకులో డబ్బులేమైనా పోయాయా అని హడలిపోయాను. తీరా చూస్తే కొరియాలోని ఎమ్‌నెట్ చానల్లో 'ఎం కౌంట్‌డౌన్' అనే వారం వారం పాటల పోటీ మొదలైంది. అక్కడ సాయంత్రం ఆరు గంటలు. నా పేరుతో కూడా ఓటు పడాలట. నాకు ఆ పాట తెలీదు, పాడినవాళ్లు తెలీరు. మన భాషలో దీన్ని దొంగ ఓటు అంటారు కదమ్మా అన్నాను. "అందరూ ఇలాగే చేస్తారు నాన్నా" అంది.

ఆ మాట నన్ను పట్టుకుంది. అందరూ ఇలాగే చేస్తే, చివర్లో తేలే నంబర్ వన్ దేనికి నంబర్ వన్?

ఈ చిక్కు కొత్తది కాదు. మా నాన్నగారి తరానికి బుధవారం రాత్రి ఎనిమిదింటికి బినాకా గీత్‌మాలా అనే హిందీ సినిమా పాటల కార్యక్రమం ఉండేది. అది టీవీ కాదు, రేడియో సిలోన్. 1952లో మొదలైనప్పుడు అది వంద రూపాయల బహుమతి పోటీ. యాభై ఉత్తరాలొస్తే గొప్ప అనుకున్నారట దాన్ని నడిపే అమీన్ సయానీ. మొదటిసారే తొమ్మిది వేలు వచ్చాయి. ఏడాది తిరిగేసరికి వారానికి అరవై ఐదు వేలు. అన్ని ఉత్తరాలు చూడలేక 1954లో పాటల వరుస చెప్పే పద్ధతికి మారారు. వరుసని దేన్ని బట్టి కట్టాలి? రికార్డుల అమ్మకాన్ని బట్టి అన్నారు. కానీ జనం కొనేసి దుకాణంలో రికార్డు అయిపోతే? బాగా నచ్చిన పాటే కిందికి జారిపోతుంది. అప్పుడు ఊరూరా ఉన్న శ్రోతల సంఘాల మాట కూడా కలిపారు. అంటే ఒక కొలతని నమ్మలేక, దానికి తోడుగా ఇంకోటి తెచ్చుకున్నారు. (మన చిత్రలహరికి ఈ బాధలేవీ లేవు. దూరదర్శన్ వాళ్లు ఏది వేస్తే అదే చూశాం.)

అమెరికాలో ఎంటీవీ వాళ్లు 1998 నుంచి 2008 దాకా టీఆర్‌ఎల్ (టోటల్ రిక్వెస్ట్ లైవ్) అని పాటల వరుస చెప్పే షో నడిపారు. స్టూడియో న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో. పిల్లలు బడి నుంచి వచ్చి ఫోన్లో, ఇంటర్నెట్లో ఓట్లు వేసేవాళ్లు. ఒకే అభిమాన మూక రోజూ వేస్తే ఒకే పాట కదలకుండా కూర్చుంటుంది కదా. అందుకని అరవై ఐదు రోజులు జాబితాలో ఉన్న పాటకి రిటైర్మెంట్ ఇచ్చేవాళ్లు. కొరియాలో కేబీఎస్ చానల్ 1980ల్లోనే ఇలాంటిది చేసింది. అయిదు వారాలు నంబర్ వన్‌గా ఉంటే గోల్డెన్ కప్ ఇచ్చి సాగనంపడం. ఓటర్లు దించరని తెలిసి, నిర్వాహకులే పదవీకాలం పెట్టారన్నమాట!

ఇప్పటి కొరియా షోలు ఇంకో దారి పట్టాయి. గురువారం ఎం కౌంట్‌డౌన్, శుక్రవారం మ్యూజిక్ బ్యాంక్, శనివారం మ్యూజిక్ కోర్, ఆదివారం ఇంకిగాయో. ఒక్కో చానల్‌కి ఒక్కో ఫార్ములా. ఆన్‌లైన్‌లో ఎంతమంది విన్నారు, ఆల్బమ్‌లు ఎన్ని అమ్ముడయ్యాయి, వీడియో ఎన్నిసార్లు చూశారు, ఆ చానల్ ఎన్నిసార్లు ప్రసారం చేసింది, వీటితో పాటు జనం ఓటు. ఓటుకి ఇచ్చే వాటా తక్కువే. అయినా గట్టి పోటీలో ఆ కాస్తే తేడా తెస్తుంది. అందుకే యాప్‌లో ప్రకటనలు చూసి పాయింట్లు పోగేసుకోవడం, అమ్మానాన్నల మెయిళ్లు వాడుకోవడం.

ఫార్ములా పెట్టినంత మాత్రాన గొడవలు ఆగలేదు. 2022 మే నెలలో మ్యూజిక్ బ్యాంక్‌లో లిమ్ యంగ్-ఉంగ్ అనే గాయకుడికి ప్రసారాల కింద పడిన మార్కులు సున్నా. ఆ ఒక్క సున్నాతో లె సెరాఫిమ్ బృందం గెలిచింది. మా పాట రేడియోలో వేశారు కదా అని అభిమానులు నిలదీశారు. వ్యవహారం పోలీసుల దాకా వెళ్లింది. మ్యూజిక్ కోర్ వేసే ఎంబీసీ చానల్ వాళ్లయితే 2015లో ర్యాంకులే ఎత్తేసి, 2017లో మళ్లీ తెచ్చారు. ర్యాంకు లేని షోలో పాటలు ఉంటాయి గానీ, టెన్షన్ ఉండదు!

నాలాంటివాడికి పండగలాంటి కేసు ఇంకోటి ఉంది. అది పాటల వరుస కాదు, గాయకుల ఎంపిక. ప్రొడ్యూస్ ఎక్స్ 101 అనే కొరియా టీవీ పోటీ ఫైనల్, 2019 జులై. ఇరవై మంది కుర్రాళ్లలోంచి పదకొండు మంది కావాలి. జనం డబ్బు కట్టి ఎస్ఎంఎస్‌లు పంపారు. ఫలితాలు రాగానే అభిమానులు కాగితం, కాలిక్యులేటర్ పట్టుకుని కూర్చున్నారు. పక్కపక్క ర్యాంకుల మధ్య తేడా 29,978 ఓట్లు. కింద చూస్తే మళ్లీ 29,978. అలా అయిదు చోట్ల! ఇంకా తవ్వితే అందరి ఓట్లూ దాదాపుగా 7494.442 అనే సంఖ్యకి గుణిజాలుగా తేలాయి. లక్షల మంది విడివిడిగా వేసిన ఓట్లు ఎక్కడైనా అలా ఎక్కంలా పడతాయా? ముందు ర్యాంకులు రాసుకుని, తర్వాత ఓట్లు అతికించారు. దర్శకుడు ఆన్ జూన్-యంగ్‌కి రెండేళ్ల జైలు పడింది. ఆ పదకొండు మంది బృందం, ఎక్స్‌వన్, 2020 జనవరిలోనే విడిపోయింది. ఆ పిల్లల తప్పు ఏముంది చెప్పండి?

ఇదంతా మా అమ్మాయికి చెప్పాను. చూడమ్మా, మీ ఓటు కొలిచేది ఎంతమందికి నచ్చిందని కాదు, నచ్చినవాళ్లకి ఎంత ఓపిక ఉందని. పాట విని బాగుందనుకుని వంటింట్లోకి వెళ్లిపోయే మీ అమ్మ ఈ లెక్కలో ఎక్కడా ఉండదు, అన్నాను.

తను ఒప్పుకుంది. ఒప్పుకుని, గెలిచినవాళ్లు చివర్లో పాడే ఆంకోర్ వీడియో చూపించింది. వెనక రికార్డు గొంతు ఉండదు, ఏడుస్తూ శ్రుతి తప్పి పాడుతున్నారు. "మొదటిసారి గెలిచారు నాన్నా. నీ ఓటు కూడా ఉంది ఇందులో" అంది.

ఇప్పుడు ప్రశ్నలుంటే అడగండి. ఇవాళ గురువారం కాబట్టి రెండున్నర లోపు ముగిద్దాం, ఇంటి నుంచి కోడ్ అడుగుతూ ఫోన్ వస్తుంది.