గురువారం సాయంత్రం నాలుగున్నర

సభకు నమస్కారం. వేదిక మీదున్న అధ్యక్షుల వారికి, కార్యదర్శి గారికి, రోజూ పొద్దున్నే గోదావరి గట్టు మీద నాతో కలిసి నడిచే మిత్రులకి, వాళ్ళతో వచ్చిన అమ్మలకీ పిల్లలకీ పేరు పేరునా నమస్కారం. మన సంఘం వార్షికోత్సవంలో సన్మానం చేస్తామని కార్యదర్శి గారు మా ఇంటికొచ్చి చెబితే ముందు వద్దన్నాను. "అనాథ పిల్లల దగ్గరికి వెళ్తున్నారు కదండీ, సేవలో ఆనందం గురించి ఓ పది నిమిషాలు మాట్లాడండి" అన్నారు. ఆ పది నిమిషాల కోసమే ఒప్పుకున్నాను.

మూడేళ్ళ కిందట మా మనవరాలి ఐదో పుట్టినరోజుకి కొడుకూ కోడలూ బెంగళూరు నుంచి వచ్చారు. హాలు బుక్ చేసి హడావుడి ఎందుకు, ఆశ్రమంలో చేద్దాం అన్నది నేనే. మన ఊరికి దగ్గర్లోనే ప్రత్యేక అవసరాలున్న అనాథ పిల్లల ఆశ్రమం ఒకటుంది. ముప్పైమంది పిల్లలు. రెండు కిలోల కేకు, బిర్యానీ పొట్లాలు, ఒక సంచీ నిండా బెలూన్లు కార్లో పెట్టుకుని ఇంటిల్లిపాదీ వెళ్ళాం.

వెళ్ళిన పావుగంటకి ఒక బెలూన్ పగిలింది. ఆటిజం ఉన్న బాబు ఒకడు, పదేళ్ళుంటాయి, రెండు చెవులూ మూసుకుని గోడ దగ్గరికి పరిగెత్తి తల బాదుకోవడం మొదలుపెట్టాడు. ఆయమ్మ ఒక్క ఉదుటున వెళ్ళి గోడకీ వాడి తలకీ మధ్య అరచెయ్యి అడ్డం పెట్టింది. వాడు బాదుకుంటూనే ఉన్నాడు. ఆవిడ చెయ్యి తియ్యలేదు.

అంతలో నేను ఇంకో పని చేశాను. చక్రాల కుర్చీలో కూర్చున్న పాప నోట్లో కేకు ముక్క పెట్టాను. పాపకి పొలమారింది. ఊపిరాడక మొహం కందిపోయింది. ఇంకో ఆయమ్మ వచ్చి పాపని ముందుకు వంచి, ఆ ముక్క కక్కించి, నోరు తుడిచింది. "అయ్యగారూ, ఈ పిల్ల అలా మింగలేదండీ. పెట్టేముందు ఒక్క మాట అడగాలి కదండీ" అంది.

ఆ తర్వాత మేం ఫొటోలు దిగాం. అంత జరిగాక కూడా దిగాం.

ఇక్కడ నేను మా తమ్ముడి గురించి చెప్పాలి. అనుకున్న ప్రసంగంలో ఇది లేదు, కానీ చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు. పుట్టగానే ఏడవలేదట. కాళ్ళూ చేతులూ బిగుసుకుపోయి ఉండేవి, మాట లేదు. ఊళ్ళో అందరూ పోలియో అనేవారు. అది పోలియో కాదు, సెరిబ్రల్ పాల్సీ అని, అంటే మెదడు దెబ్బతిని ఒంటి కండరాలు అదుపులో ఉండని స్థితి అని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. మాట లేదు గానీ వాడికి అన్నీ అర్థమయ్యేవి. నాన్న సైకిల్ బెల్లు వీధి మలుపులో వినబడగానే నవ్వేవాడు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో కేంద్ర ప్రభుత్వం మానసిక వికలాంగుల కోసం జాతీయ సంస్థ పెట్టిందని, ఇలాంటి పిల్లల్ని కూడా చూస్తారని ఎవరో చెబితే, "నలుగురిలోకీ వీణ్ణి ఎలా తీసుకెళ్తాం" అని నాన్న ఊరుకున్నారు. అక్క పెళ్ళిచూపులకి వాళ్ళొచ్చిన రోజున వాణ్ణి పశువుల పాక పక్క గదిలో పెట్టి తలుపు వేశాం. వేసింది నేను. లోపల్నుంచి వాడు చేసిన చప్పుడు బయటికి వినబడకూడదని రేడియో పెంచింది కూడా నేనే.

అమ్మ రోజూ వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, వాడి వీపు తన గుండెకి ఆనించుకుని, మెత్తగా పిసికిన పెరుగన్నం గంటసేపు తినిపించేది. పంతొమ్మిదేళ్ళు తినిపించింది. నేను ఒక్క పూట కూడా తినిపించలేదు.

అందుకే పుట్టినరోజు అయిన మర్నాడు ఒక్కణ్ణీ వెళ్ళాను. ఏమీ తీసుకెళ్ళలేదు. నన్ను చూడగానే ఆయమ్మ చేతుల వైపు చూసింది, ఏం తెచ్చానో అని. "తినిపించడం నేర్పమ్మా" అన్నాను. ఆ పాపకే.

నిటారుగా కూర్చోబెట్టాలి. తల వెనక్కి వాల్చకూడదు, వాలిస్తే తిండి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. గడ్డం కాస్త కిందికి ఉండాలి. మనం నిలబడి పెట్టకూడదు, ఎదురుగా, పాప కళ్ళ ఎత్తులో కూర్చోవాలి. చిక్కటి రాగి జావ, సగం చెంచా. పెట్టాక గొంతు వైపు చూడాలి. అది కదిలి, మళ్ళీ కిందికి దిగేదాకా రెండో చెంచా ఎత్తకూడదు. గిన్నెడు జావకి నలభై నిమిషాలు. ఫోను మోగినా తియ్యకూడదు. తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు.

ఒక్క గిన్నెకి నలభై నిమిషాలు! అలా తినిపించాల్సిన పిల్లలు ఆ ఆశ్రమంలో ఎనిమిదిమంది. పూటకి ఇద్దరు ఆయాలు. లెక్క మీరే వేసుకోండి. ఆదివారం నాడు మూడు పుట్టినరోజులు, మూడు కేకులు. మంగళవారం ఒక్కరు రారు. పంద్రాగస్టుకి పళ్ళు పంచడానికి క్యూ కడతాం. ఆ పిల్లలకి పళ్ళ కొరత లేదండీ. డైపర్లు చాలవు, మూర్ఛ మాత్రలు ఒక్కపూట తప్పినా ఫిట్స్ రావచ్చు. అన్నిటికంటే, ఒకే మనిషి మళ్ళీ మళ్ళీ రావాలి. ఆటిజం ఉన్న ఆ బాబు నా వైపు చూడడానికి ఐదు నెలలు పట్టింది.

ఇప్పుడొక మాట. కార్యదర్శి గారూ, క్షమించండి. నా వెనకున్న ఈ ఫ్లెక్సీ దింపించండి. ఇందాక వేదిక ఎక్కుతూ చూశాను. అందులో ఉన్నది మా మనవరాలి పుట్టినరోజు ఫొటో. ఆ పిల్లల మొహాలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఆ ఫొటో మన వాట్సాప్ గ్రూపులో పెట్టింది నేనే, తప్పు నాది. 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం, సంరక్షణలో ఉన్న పిల్లల పేరు గానీ గుర్తు పట్టే వివరం గానీ బయటపెట్టకూడదు. ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. చట్టం సంగతి అలా ఉంచండి. మన ఇంట్లో పిల్ల చొంగ కారుస్తూ ఉన్నప్పుడు ఫొటో తీసి ఊరంతా కడితే మనం ఊరుకుంటామా? వాళ్ళ తరఫున అడగడానికి అమ్మా నాన్నా లేరు కాబట్టే కట్టగలిగాం. అబ్బాయిలూ, ఎవరైనా ఇద్దరు రండి, ఆ తాళ్ళు విప్పండి. నేను ఆగుతాను.

సంతోషం. మడత పెట్టి నాకివ్వండి, నేను తీసుకెళ్తాను.

ఇంకొక్కటే. పద్ధెనిమిదేళ్ళు నిండితే ఆ పిల్లలు లెక్క ప్రకారం పిల్లలు కారు. ఆ తర్వాత ప్రభుత్వం తరఫున దొరికే ఆసరా మామూలుగా 21 ఏళ్ళ దాకానే. ఆ పాపకి ఇప్పుడు పదహారు. ఇరవై రెండో ఏట కూడా గడ్డం కింద చెయ్యి పెట్టి ఎవరో ఒకరు తినిపించాలి. ఇలాంటి వాళ్ళకి పెద్దయ్యాక చట్టబద్ధంగా సంరక్షకుల్ని పెట్టడానికి 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఉంది, జిల్లాలో కలెక్టర్ గారి కమిటీ ఉంటుంది. మన సభ్యుల్లో రిటైరైన ప్లీడర్లు ముగ్గురున్నారు. వచ్చే వారం ఆ కాగితాల పని మీద నాతో రండి. ఫీజు అడక్కండి.

శాలువా నాకు వద్దు. ఆ డబ్బుతో డైపర్లు కొనండి, సైజు నేను చెబుతాను. తినిపించడానికి వచ్చేవాళ్ళ పేర్లు రాసుకోవడానికి మా ఆవిడ చివరి వరసలో నోటుపుస్తకంతో కూర్చుంది. ముందుగా ఆశ్రమం వాళ్ళు మీ ఆధార్ చూస్తారు, పోలీసు వెరిఫికేషన్ అడుగుతారు, నొచ్చుకోకండి. తినిపించడం ఆయమ్మ నేర్పుతుంది. సాయంత్రం నాలుగున్నర అంటే నాలుగున్నరే. గురువారం నాది. మిగతా ఆరు రోజులూ ఖాళీగా ఉన్నాయి.