అరగంట పనికి మూడు ఆదివారాలు

నమస్కారం. మీరిప్పుడు తెరమీద చూస్తున్న కొండపల్లి అంబారీ ఏనుగు తొండం విరిగి ఆరు నెలలైంది. దాన్ని అతికించడం అరగంట పని. విజయవాడ సత్యనారాయణపురంలో, మా పెరటి రేకుల షెడ్డులో, ఆ పనికి మూడు ఆదివారాలు ఎందుకు పట్టాయో చెబుతాను.

కొండపల్లి బొమ్మలను తెల్లపొణికి కర్రతో చేస్తారు. విడిగా చెక్కిన భాగాలను చింతగింజల పొడి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. మొదటి ఆదివారం చింతగింజల పొడిని ఉడికించి పక్కన పెట్టి, పొట్టు జల్లించడానికి జల్లెడ కోసం అలమర తెరిస్తే, ఏడాదిగా వెతుకుతున్న అరంగుళం ఉలి కనిపించింది. దాని అంచున చిన్న గంటు పడి ఉండటంతో సానరాయి తీసి రుద్దడం మొదలుపెట్టాను. నాలుగు రుద్దులకే రాయి మధ్యలో గుంటపడిందని తెలిసింది. దాన్ని చదును చేయడానికి గరుకు కాగితం కావాలని వన్‌టౌన్ వెళ్లి వచ్చేసరికి, గిన్నెలో జిగురు పెచ్చు కట్టి కూర్చుంది. ఆ గిన్నె మా అమ్మది కావడం మరో కథ.

ధ్యాస మళ్లిందనగానే అందరమూ ఫోనును తిడతాం. ఫోను మోగితే పని ఆగిందని మనకు తెలుస్తుంది; ఉలికి సాన పడుతున్నప్పుడు మాత్రం పనే చేస్తున్నామన్న తృప్తి కలుగుతుంది కాబట్టి, దారి తప్పిన సంగతి సాయంత్రానికి గాని తెలియదు. దీనికి తోడు, పెరట్లో ఉన్న మనిషి ఇంట్లోవాళ్ల లెక్కలో ఖాళీగా ఉన్నట్టే.

రెండో ఆదివారం జరిగింది నవ్వుకునే విషయం కాదు. బల్లలో పొడుచుకొచ్చిన మేకు తల కోయడానికి నాలుగంగుళాల యాంగిల్ గ్రైండరు పట్టుకోగానే కరెంటు పోయింది. స్విచ్ ఆన్‌లోనే ఉందన్న ధ్యాస లేకుండా దాన్ని బల్లమీద పెట్టి, లోపలినుంచి పిలుపు వస్తే టీకి వెళ్లాను. నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరిగే ఆ యంత్రం, కరెంటు రాగానే తనంతట తానే లేచి, గంతులేసి కింద పడింది. ఆ సమయంలో అక్కడ ఎవరూ లేరు కనుకనే ఇంత తీరికగా చెబుతున్నాను. ఇప్పుడు కరెంటు పోతే ముందు ప్లగ్గు పీకుతాను, తర్వాతే టీ.

మధ్యలో ఆగిన పనులు పూర్తయిన వాటికంటే ఎక్కువగా గుర్తుంటాయని మనస్తత్వవేత్త బ్లూమా జైగార్నిక్ 1927లో ప్రచురించిన పరిశోధనలో చూపారు. నా ఉలి కూడా బుర్రలో అలాగే తిష్ఠ వేసింది. అందుకని షెడ్డు తలుపు వెనక నల్లరంగు పూసి, సుద్దముక్క వేలాడదీశాను. మధ్యలో తట్టిన ప్రతి పనినీ అక్కడ రాసి, చేతిలోని పనికి తిరిగి వస్తాను.

మూడో ఆదివారం తొండం అతికింది. దగ్గరగా చూస్తే కాస్త ఎడమకు వంగి ఉంటుంది. తలుపు మీద ఏడు పనులున్నాయి. మొదటిది ఆ ఉలే.