పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్ళొచ్చు, మరి పంచిపెట్టొచ్చా?

శ్రోతలందరికీ నమస్కారం. తిరుపతిలో ఉండేవాళ్ళకి బాగా తెలిసిన రెండు వస్తువులతో మొదలుపెడతాను. ఒకటి మూడు వందల రూపాయల దర్శనం టికెట్టు, ఇంకొకటి లడ్డూ. రెండూ మన చేతిలోనే ఉంటాయి. లడ్డూని ఊరికి తీసుకెళ్ళి, చిదిపి, వీధిలో పదిమందికీ పెడతాం, ఎవరూ వద్దనరు. టికెట్టు అట్లా కాదు, అది మన పేరు మీద, మన ఆధార్ చూసి ఇచ్చింది. మనకి కుదరకపోతే బావమరిదికి ఇచ్చి పంపేదానికి లేదు. చేతిలో ఉండడం వేరు, పంచే హక్కు ఉండడం వేరు.

కంప్యూటర్లో వాడే సాఫ్ట్‌వేర్ కూడా ఇంతే. కొన్ని లడ్డూ లాంటివి, కొన్ని టికెట్టు లాంటివి. ఏది ఏదో చూసుకోకుండా పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చేయడం మనకి బాగా అలవాటైపోయింది. నాకూ ఆ అలవాటు ఉండేది. అది ఎట్లా మారిందో చెప్తాను.

నేను పిల్లలకి కంప్యూటర్ నేర్పుతుంటాను. శ్రీకాళహస్తి పక్కన ఒక హైస్కూల్లో పిల్లలు పద్యాలు, కథలు రాసి ఒక పత్రిక తయారు చేయాలనుకున్నారు. స్కూల్లో కంప్యూటర్లు ఉన్నాయి. కానీ వాటిలో కొత్తగా ఏం ఇన్‌స్టాల్ చేయాలన్నా అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది, ఆ పాస్‌వర్డ్ తెలిసినాయన బదిలీ మీద వెళ్ళిపోయారు, పైగా ఇంటర్నెట్ ఒక రోజు ఉంటే నాలుగు రోజులు ఉండదు. అందుకని అన్నీ పెన్‌డ్రైవ్ నుంచే నడిచేట్టు తయారు చేసుకుని వెళ్ళాను. దీన్నే పోర్టబుల్ సాఫ్ట్‌వేర్ అంటారు.

మామూలుగా ఒక ప్రోగ్రాం ఇన్‌స్టాల్ చేస్తే అది ఆ కంప్యూటర్లో కాపురం పెడుతుంది. ఫైళ్ళు ఒకచోట, సెట్టింగులు ఇంకోచోట, విండోస్ తన సెట్టింగులన్నీ రాసుకునే రిజిస్ట్రీ అనే చిట్టాలో కొన్ని గుర్తులు. అందుకే దాన్ని ఊరికే కాపీ చేసి ఇంకో కంప్యూటర్లో వేస్తే చాలాసార్లు నడవదు. పోర్టబుల్ ప్రోగ్రాం అట్లా కాదు, సత్రంలో దిగిన యాత్రికుడి లాంటిది. దుప్పటీ, చెంబూ, పళ్ళెం అన్నీ తన సంచిలోనే తెచ్చుకుంటుంది, వెళ్ళేటప్పుడు గదిని ఉన్నది ఉన్నట్టు వదిలి వెళ్తుంది. 2004లో జాన్ హాలర్ అనే ఆయన ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌ని ఇట్లా పెన్‌డ్రైవ్ నుంచి నడిచేలా చేసి పెట్టారు. పోర్టబుల్‌యాప్స్ అని ఇప్పుడు మనం వాడుకునేదంతా అక్కడి నుంచి పెరిగిందే.

నా పెన్‌డ్రైవ్‌లో టైపింగుకి లిబ్రెఆఫీస్, ఫైర్‌ఫాక్స్, వీడియోలకి వీఎల్‌సీ, ఒక చిన్న ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు, పత్రిక పేరు పెద్దగా అందంగా వేయడానికి ఒక తెలుగు ఫాంటు పెట్టుకున్నాను. నిఘంటువు ఒక్కటి బాగా ఏడిపించింది. మా ఇంట్లో పెన్‌డ్రైవ్ ఇంగ్లీషు అక్షరం 'E' పేరుతో కనిపిస్తుంది, స్కూల్లో పెడితే 'F' డ్రైవ్ అవుతుంది, ఆ ప్రోగ్రామేమో తన పదాల పట్టికని 'E' డ్రైవ్‌లోనే వెతుక్కుంటూ కూర్చుంది. దాని సెట్టింగుల ఫైలు తెరిచి, పూర్తి చిరునామా తీసేసి, నీ పక్క ఫోల్డర్లోనే చూసుకో అని రాస్తే అప్పుడు నడిచింది. సాఫ్ట్‌వేర్‌ని పోర్టబుల్ చేయడంలో సగం పని ఇదే, ఏ చిరునామా ఎక్కడ రాసుకుందో వెతికి పట్టుకోవడం.

అంతా నడిచింది, పిల్లలు సంబరపడ్డారు. అప్పుడు హెడ్మాస్టరు గారు అన్నారు, "సార్, చాలా బాగుంది. నలభై పెన్‌డ్రైవ్‌లు తెప్పిస్తాను, అన్నిట్లోకీ ఎక్కించండి, పిల్లకొకటి ఇద్దాం."

ఆ మాటతో నాకు టెన్షన్ మొదలైంది. అప్పటిదాకా అది నా పెన్‌డ్రైవ్, నేను పట్టుకెళ్తున్నాను. ఇప్పుడు నలభై మందికి ఇస్తున్నాను. పట్టుకెళ్ళడం వేరు, పంచిపెట్టడం వేరు. మన 1957 కాపీరైటు చట్టం కూడా, న్యాయంగా మన దగ్గర ఉన్న ప్రోగ్రాంకి బ్యాకప్ కాపీ తీసి పెట్టుకోనిస్తుంది. ఆ వెసులుబాటు మన రక్షణ కోసమే, ఊరందరికీ ఇవ్వడానికి కాదు. ఆ రాత్రి కూర్చుని ఒక్కొక్క దాని లైసెన్సు చదివాను. నిజం చెప్పాలంటే, అన్నేళ్ళుగా వాడుతున్నవాటి లైసెన్సులు చదవడం అదే మొదటిసారి.

లిబ్రెఆఫీస్ హాయిగా పంచొచ్చు. వీఎల్‌సీ కూడా పంచొచ్చు, కానీ దానిది జీపీఎల్ అనే లైసెన్సు, దాంట్లో ఒక షరతు ఉంది. ప్రోగ్రాం ఇస్తే దాని సోర్స్ కోడ్, అంటే ఆ ప్రోగ్రాంని తయారు చేసినవాళ్ళు రాసిన అసలు రాత కూడా ఇవ్వాలి, లేకపోతే అది అందే దారైనా సరిగ్గా చూపించాలి. నేను ఆ సోర్స్ కోడ్ కూడా దించి పక్కనే పెట్టాను, పెద్ద ఫైలేం కాదు. ఎనిమిదో తరగతి పిల్లకి అదెందుకు అనుకోకండి, ఏ పిల్ల ఎప్పుడు తెరిచి చూస్తుందో మనకేం తెలుసు?

ఫైర్‌ఫాక్స్‌ది ఇంకో తరహా. మళ్ళీ లడ్డూ దగ్గరికి వస్తాను. తిరుపతి లడ్డూకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొన్న లడ్డూ ఎంతమందికైనా పంచొచ్చు, ఇంట్లో మనం చేసింది తిరుపతి లడ్డూ అని అమ్మకూడదు. ఫైర్‌ఫాక్స్ కోడ్ కూడా ఎవరైనా తీసుకుని మార్చుకోవచ్చు, మార్చినదాన్ని అదే పేరుతో పంచాలంటే మాత్రం దాన్ని తయారు చేసే మొజిల్లా వాళ్ళ అనుమతి కావాలి. ఈ పేరు తగాదా వల్లే డెబియన్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్ళు 2006 నుంచి 2016 దాకా దాన్ని ఐస్‌వీజెల్ అని పిలిచి ఇచ్చారు. పోర్టబుల్‌యాప్స్ వాళ్ళు గూగుల్ క్రోమ్ విషయంలో చేసేది కూడా నాకు నచ్చింది. క్రోమ్‌ని వాళ్ళు తమ దగ్గర పెట్టుకుని పంచరు, వాళ్ళిచ్చే చిన్న ఫైలు నడిపితే అసలు క్రోమ్ నేరుగా గూగుల్ నుంచే దిగుతుంది. పంచకూడదంటే పంచకుండానే, అవసరం ఉన్నవాళ్ళకి అందే దారి చూపించారు.

అసలు చిక్కు ఫాంటు దగ్గర వచ్చింది. అది ఎప్పుడో ఒక డీటీపీ షాపులో తెలిసినవాళ్ళ దగ్గర కాపీ చేసుకున్నది. డబ్బు పెట్టి కొనుక్కోవాల్సిన ఫాంటు అని, కొన్నవాళ్ళు కూడా ఇంకొకరికి ఇవ్వకూడదని అప్పుడు తెలిసింది. తెలుగు అక్షరాన్ని కూర్చుని గీసినవాళ్ళ కష్టం మనం ఎన్నేళ్ళుగా ఊరికే తీసుకుంటున్నామో అనుకుంటే బాధేసింది. తెలుగులో ఒక్క ఫాంటు చేయాలంటే ఎన్ని గుణింతాలు, ఎన్ని ఒత్తులు గీయాలో ఆలోచించండి. దాన్ని తీసేశాను.

తీసేసి వెతుకుతుంటే సిలికానాంధ్ర అనే తెలుగువాళ్ళ సంస్థ ఇచ్చిన తెలుగు ఫాంట్లు కనిపించాయి. ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద వదిలారు. వాడుకోవచ్చు, పంచొచ్చు, సాఫ్ట్‌వేర్‌తో కలిపి ఇవ్వొచ్చు. ఫాంటుని మాత్రం విడిగా అమ్ముకోకూడదు, లైసెన్సు కాగితం వెంట ఉంచాలి, అంతే. వాటిలో హెడ్డింగుల కోసమే చేసిన ఒక ఫాంటు పేరు చూసి ఆగిపోయాను. ధూర్జటి! శ్రీకాళహస్తి పిల్లల పత్రికకి, శ్రీకాళహస్తీశ్వర శతకం రాసిన కవి పేరున్న ఫాంటు! ఆ ఫైలుని లిబ్రెఆఫీస్ సంచిలోనే ఉండే ఫాంట్ల ఫోల్డర్లో పెడితే, ఏ పాస్‌వర్డూ అడగకుండా స్కూలు కంప్యూటర్లలో కనిపించింది. పత్రిక పేరు ఆ అక్షరాల్లో తెర మీద చూసి పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఇక టైం దగ్గర పడింది, మీ చేతికి పనికొచ్చే ఒక్క మాట చెప్తాను. పెన్‌డ్రైవ్ ఎవరికైనా ఇచ్చేముందు ప్రోగ్రాం ఫోల్డర్లో లైసెన్స్ అనో, కాపీయింగ్ అనో, రీడ్‌మీ అనో ఒక ఫైలు ఉందేమో చూడండి. దాన్ని తెరిచి రీడిస్ట్రిబ్యూట్, అంటే ఇతరులకి పంచడం, అనే మాట ఎక్కడుందో వెతకండి, ఆ వాక్యం ఒక్కటి చదవండి. పర్సనల్ యూజ్ అని మాత్రమే ఉంటే ఉచితంగా దొరికినా అది టికెట్టే, లడ్డూ కాదు. ఆ ఫైలుని మాత్రం ఎప్పుడూ తీసేయకండి, పంచే హక్కు చాలావాటిలో ఆ కాగితం వెంట ఉంటేనే.

నిఘంటువు సంగతి చెప్పలేదు కదూ. దాని రీడ్‌మీలో సొంతానికి ఉచితం, అనుమతి లేకుండా పంచకూడదు అని ఉంది, కింద ఒక మెయిల్ అడ్రస్ ఉంది. అన్నీ వివరంగా రాశాను, ఏ స్కూలు, ఎంతమంది పిల్లలు, సెట్టింగుల ఫైల్లో నేను మార్చిన ఆ ఒక్క లైను కూడా. నాలుగో రోజు జవాబు వచ్చింది. ఆ నలభై మందికీ ఇవ్వండి, మీరు మార్చిన లైను నాకూ పంపండి, వచ్చే వెర్షన్‌లో పెడతాను అని. ఆ ఉత్తరాన్ని కూడా ఒక ఫైలుగా చేసి, నలభై పెన్‌డ్రైవ్‌లలో నిఘంటువు పక్కనే పెట్టాను.

నమస్కారం.