ముల్లు మాట, దీపం మాట

సభకు నమస్కారం.

చాలా ఏళ్ళు పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెప్పినవాణ్ణి కనుక, కారు గురించి మాట్లాడమంటే ఇంజనుతో మొదలుపెట్టడం నాకు అలవాటు. ఈరోజు మాత్రం బానెట్ ఎత్తను; స్టీరింగు వెనుక కనిపించే డాష్‌బోర్డు దగ్గరే ఉంటాను. అందులోని ముళ్ళు ఉన్నదున్నట్లు చెప్పవు, కాస్త సర్ది చెబుతాయి. దీపాలు సర్ది చెప్పవు గానీ, ఆలస్యంగా చెబుతాయి.

ముందుగా పెట్రోలు ముల్లు. ట్యాంకులో తేలే బెండుకు ఒక కమ్మీ ఉంటుంది. బెండు లేచినా దిగినా ఆ కమ్మీ రెండో కొస కరెంటుకు అడ్డుపడే ఒక రెసిస్టెన్స్ పట్టీ మీద జారి, మీటరుకు వెళ్ళే కరెంటును మారుస్తుంది. చాలా పాత కార్లలో ఆ కరెంటు రెండు లోహాలు అతికిన పట్టీని వేడిచేసేది; రెండు లోహాలూ వేడికి ఒకేలా సాగవు కనుక పట్టీ వంగి ముల్లును నెట్టేది. తాళం తిప్పగానే ముల్లు బద్ధకంగా లేచేది అందుకే. ఆ బద్ధకమే మేలు చేసింది కూడా: ట్యాంకులో పెట్రోలు ఎంత తొణికినా ముల్లు ఊగేది కాదు. ఇప్పుడు కంప్యూటరు సగటు కట్టి అదే పని చేస్తోంది. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు బెండు పైకప్పుకు ఆనుకుని ఉంటుంది కనుక, కొంత పెట్రోలు ఖర్చయ్యేదాకా ముల్లు కదలకపోవచ్చు. దాన్ని చూసి మైలేజీ పెరిగిందని మురిసిపోయేవారు మనలో చాలామందే ఉన్నారు.

ఆ పెట్రోలు పంపు బొమ్మ పక్కన చిన్న బాణం గుర్తు ఉంటుంది, గమనించారా? ట్యాంకు మూత కారుకు ఏ వైపున ఉందో అది చెబుతుంది. ఫోర్డు కంపెనీలో పనిచేసిన జిమ్ మొయ్‌లాన్, వానలో తడుస్తూ కారును తప్పు వైపున నిలిపిన అనుభవంతో, 1986లో ఈ గుర్తు పెట్టమని కంపెనీకి రాశారు.

వేడి చూపే ముల్లు విషయం ఇంకా తమాషాగా ఉంటుంది. ఇంజనును చల్లబరిచే నీటిలో, అంటే కూలెంటులో, మునిగి ఉండే సెన్సరుకు వేడి పెరిగేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గుతుంది. దాన్నిబట్టే ముల్లు నడవాలి. అయితే ముల్లు కాస్త కదిలినా జనం కంగారుపడి షెడ్డుకు పరుగెత్తుతున్నారని, చాలా కార్లలో ఇంచుమించు 80 నుంచి 105 డిగ్రీల దాకా ముల్లును నడిమధ్యన కట్టేసినట్లు ఉంచుతున్నారు. కనుక అది మధ్య గీత దాటిందంటే వ్యవహారం అప్పటికే ముదిరిందని అర్థం.

ఒకసారి దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కుతుండగా మా కారు ముల్లు ఎర్ర గీత దాకా పోయి, కాసేపటికి ఉన్నట్టుండి కిందికి పడిపోయింది. వెనుక కూర్చున్న మా బావమరిది "చల్లబడింది లెండి బావా, పోనివ్వండి" అన్నాడు. నేను ఆపేశాను. రేడియేటరు గొట్టం చీలి నీళ్ళన్నీ పోయాయి. గాలిలో మిగిలిపోయిన సెన్సరుకు వేడి సరిగా అందక ముల్లు దిగింది. పెరగడం కంటే ఆ దిగడమే ప్రమాదం. అలాంటప్పుడు వెంటనే రేడియేటరు మూత తీయకూడదు. అది కుక్కరు వంటిది: ఒత్తిడి ఉన్నంతసేపూ నూరు డిగ్రీలు దాటినా మరగని నీరు, మూత తీసిన మరుక్షణం ఆవిరై ముఖానికి కొడుతుంది.

ఇక దీపాలు. కొమ్ముచెంబులా కనిపించే ఎర్ర గుర్తును ఆయిలు తగ్గితే వెలిగే దీపమని చాలామంది అనుకుంటారు. చాలా కార్లలో అది ఆయిలు ఎంత ఉందో చూడదు, దాని ఒత్తిడిని చూస్తుంది. ఇంజను నడుస్తున్నప్పుడు ఆయిలు ఒత్తిడి ఒక స్విచ్‌ను తెరిచి ఉంచుతుంది. ఒత్తిడి బాగా పడిపోతే స్విచ్ మూసుకుని దీపం వెలుగుతుంది. అంటే అది వెలిగేసరికి బేరింగుల మధ్య ఆయిలు పొర పలచబడిపోయి ఉండవచ్చు. ఇంకో ఊరు దాకా వెళ్దామనుకోవద్దు. పక్కకు తీసి ఇంజను ఆపండి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది బ్యాటరీ దీపం. పాత పద్ధతిలో ఆ బల్బుకు ఒక కొస బ్యాటరీ వైపు, రెండో కొస ఆల్టర్నేటరు వైపు, మన మెకానిక్కుల మాటలో డైనమో వైపు, కలిపి ఉండేది. తాళం తిప్పినప్పుడు ఒక వైపు 12 వోల్టులు, డైనమో తిరగడం లేదు కనుక రెండో వైపు దాదాపు సున్న. నీరు పల్లమెరుగు అన్నట్లు కరెంటు అటు పారి బల్బు వెలుగుతుంది. ఇంజను అందుకోగానే రెండు వైపులా ఇంచుమించు 14 వోల్టులే. పల్లం లేదు, పారడం లేదు, దీపం ఆరిపోతుంది. దాన్ని ఆర్పడానికి వేరే ఏ స్విచ్చూ అక్కర్లేదు. అంతేకాదు, నిద్రపోతున్న డైనమోను మేల్కొలిపే తొలి కరెంటు కూడా ఆ బల్బు గుండానే వెళ్ళేది.

చెక్ ఇంజన్ దీపం పసుపుగా నిలకడగా ఉంటే ఆ వారంలో చూపించుకోవచ్చు. మిణుకుమిణుకుమంటుంటే మాత్రం సిలిండరులో మంట సరిగా అందక, కాలని పెట్రోలు సైలెన్సరు దారిలో పొగను శుభ్రపరిచే కేటలిటిక్ కన్వర్టరును కాల్చేస్తోందని అనుమానించి, యాక్సిలరేటరు మీది కాలు తేలిక చేయాలి.

తాళం తిప్పి ఇంజను స్టార్ట్ చేయకముందు ఈ హెచ్చరిక దీపాల్లో చాలావరకు ఒకేసారి వెలుగుతాయి. అది అలంకారం కాదు, తాము బతికే ఉన్నామని అవి ఇచ్చే హాజరు. సెకండ్ హ్యాండు కారు కొనబోయేవారు ఆ మూడు నాలుగు క్షణాలు కళ్ళప్పగించి చూడాలి. మా తమ్ముడికి ఒక కారు చూడబోయినప్పుడు ఎయిర్‌బ్యాగు దీపం వెలిగింది, ఆరింది, అంతా బాగున్నట్లే ఉంది. కానీ అది ఆయిలు దీపంతో కలిసి సరిగ్గా ఒకే క్షణంలో ఆరింది. ఎయిర్‌బ్యాగు కంప్యూటరు తన పరీక్ష తాను చేసుకుని ఆర్పాల్సిన దీపానికి, ఆయిలు ఒత్తిడితో ఏం సంబంధం? ఇంకోసారి తాళం తిప్పించాను; మళ్ళీ అంతే. డాష్‌బోర్డు పలక విప్పించి చూస్తే, లోపం బయటపడకుండా ఎయిర్‌బ్యాగు దీపం తీగను కోసి ఆయిలు దీపానికి అతికించి ఉంది. ఆ కారు కొనలేదు.