ముప్పై వేల మందికి ఒకరు

శ్రోతలకు నమస్కారం.

1787 సెప్టెంబరు 17న ఫిలడెల్ఫియాలో 39 మంది సంతకాలు చేసిన అమెరికా రాజ్యాంగం అమల్లోకి రావాలంటే, 13 రాష్ట్రాల్లో కనీసం 9 ఒప్పుకోవాలి. న్యూయార్క్ మాత్రం మొరాయించింది. పత్రికల్లో కలంపేర్ల యుద్ధం మొదలైంది.

అక్టోబరు 18న 'బ్రూటస్' పేరుతో రాజ్యాంగం మీద గట్టి దెబ్బ పడింది. ప్రజారాజ్యం చిన్న నేల మీదే బతుకుతుందన్న ఫ్రెంచి తత్వవేత్త మాంటెస్క్యూ మాటే దానికి ఆధారం. తర్వాత సీట్ల లెక్క వచ్చింది. ప్రతినిధుల సభకు మొదట 65 మంది, అందులో న్యూయార్క్‌కు ఆరుగురే. అంత పెద్ద నియోజకవర్గంలో పేరున్న ధనవంతుడు గెలుస్తాడు గానీ, చిన్న రైతో కమ్మరో గెలుస్తాడా? 30 వేలమందికి ఒకరికి మించి ఉండకూడదని రాజ్యాంగమే గిరి గీసింది. పైగా ఆ జనాభా లెక్కలో ఐదుగురు బానిసలు ముగ్గురితో సమానం. ఓటు వాళ్లకు లేదు, వాళ్ల పేరుతో వచ్చిన సీట్లు యజమానులవి!

నవంబరు 22న, రాజ్యాంగ రచనలో ముఖ్యుడైన జేమ్స్ మాడిసన్ 'పబ్లియస్' పేరుతో జవాబు రాశాడు. రాజ్యాంగాన్ని సమర్థిస్తూ వచ్చిన ఫెడరలిస్ట్ వ్యాసాల్లో అది పదోది. ప్రజారాజ్యానికి అసలు జబ్బు ముఠాలు, అన్నాడు. ముఠాలు పుట్టకూడదంటే స్వేచ్ఛ తీసెయ్యాలి, లేదా అందరి ఆలోచనా ఒకటి చెయ్యాలి. మొదటిది నిప్పుకు భయపడి గాలినే లేకుండా చెయ్యడం. రెండోది అయ్యే పని కాదు, ఎందుకంటే అప్పిచ్చినవాడి ప్రయోజనం వేరు, తెచ్చుకున్నవాడిది వేరు. ఏడాది కిందటే మసాచుసెట్స్‌లో అప్పులపాలైన రైతులు కోర్టులు మూయించారు మరి. చిన్న ముఠాను ఓటుతో ఓడించొచ్చు. మెజారిటీయే ముఠా అయితే? దేశాన్ని పెద్దది చెయ్యండి, అన్నాడు. రకరకాల ప్రయోజనాల మధ్య ఒకే దురుద్దేశంతో అంతమంది జట్టుకట్టడం కష్టం.

తెలివైన వాదనే. కానీ నియోజకవర్గం మరీ పెద్దదైతే ప్రతినిధికి స్థానిక పరిస్థితులు తెలియవని అదే వ్యాసంలో ఆయనే ఒప్పుకున్నాడు. ఇక జట్టుకట్టడం కష్టమన్న మాట ఐదేళ్లు నిలవలేదు. 1792 నాటికి ఆర్థిక మంత్రి హామిల్టన్ విధానాలకు ఎదురుగా విదేశాంగ మంత్రి జెఫర్సన్‌తో కలిసి రాష్ట్రాల పొడుగునా పార్టీ కడుతున్నది సాక్షాత్తూ మాడిసనే. పత్రికలూ టపా బళ్లూ ఆ దూరాన్ని తగ్గించేశాయి.

సీట్ల గొడవ మాత్రం అలాగే మిగిలింది. జనాభాతోపాటు సభ పెరిగేలా 1789లో కాంగ్రెస్ ప్రతిపాదించిన సవరణ రాష్ట్రాల ఆమోదం దొరక్క ఆగిపోయింది. 1929 చట్టంతో సభ్యుల సంఖ్య 435 దగ్గర బిగుసుకుంది. 2020 జనాభా లెక్కల ప్రకారం ఒక్కో సభ్యుడి వంతుకు సగటున 7,61,000 మంది పైచిలుకు.