ఆన్‌సైట్ నుంచి తిరిగొచ్చాక?

శ్రోతలకు నమస్కారం.

ఆన్‌సైట్ అన్న మాట తెలియని ఇల్లు మన రెండు రాష్ట్రాల్లో ఇప్పుడు తక్కువే. అబ్బాయిని కంపెనీ వాళ్లు జర్మనీ పంపారనీ, కోడలు డెప్యుటేషన్ మీద సింగపూర్ వెళ్లిందనీ పెళ్లిళ్లలో కలిసినప్పుడు చెప్పుకుంటూ ఉంటాం. సంతోషించాల్సిన విషయమే. అయితే అలా వెళ్లినవాళ్లు రేపు ఒక సంస్థను నడిపించగలిగేలా తయారై వస్తున్నారా, లేక ఇక్కడ చేసే పనే అక్కడ చేసి వస్తున్నారా? దీనికి జవాబుగా నాకు ఎంతో ఇష్టమైన ఉదాహరణ ఒకటి ఉంది. ఈ పూట అదే చెబుతాను.

అది దక్షిణ కొరియాలో జరిగింది. అక్కడ మామూలు జనం సరదాగా విదేశాలు చూసి రావడానికి ఉన్న ఆంక్షలు పూర్తిగా తొలగింది 1989 జనవరిలో. ఆ మరుసటి ఏడాదే, 1990లో, శాంసంగ్ కంపెనీ తన ఉద్యోగుల్లో కొందరిని ఎంచుకుని ఏడాదిపాటు విదేశాలకు పంపడం మొదలుపెట్టింది. వీళ్లకు రీజనల్ స్పెషలిస్టులని పేరు. ఒక్కొక్కరికీ ఒక్కో దేశం. వెళ్లే ముందు కొన్ని వారాలు ఆ దేశం భాష మీదే శిక్షణ. ఆ తర్వాత విమానం ఎక్కడమే.

అక్కడికి వెళ్లి ఏం పని చేయాలి? ఏ పనీ లేదు. మళ్లీ చెబుతున్నాను, ఏ పనీ లేదు. ఆఫీసుకు వెళ్లక్కర్లేదు, సరుకు అమ్మక్కర్లేదు, టార్గెట్లు లేవు. జీతం మాత్రం వస్తుంది. అద్దె ఇల్లు తనే వెతుక్కోవాలి. భాష బాగా పట్టుబడాలి. ఊళ్లు తిరగాలి, స్నేహాలు చేయాలి, చూసింది రాసి పంపాలి. అంతే.

ఈ పథకం తెచ్చిన ఛైర్మన్ లీ కున్ హీ. 1987లో తండ్రి పోయాక ఆయన పగ్గాలు పట్టారు. ఆయన స్వయంగా జపాన్‌లోనూ అమెరికాలోనూ చదువుకున్నారు. ఇంకొక సంగతి గుర్తుంచుకోవాలి. అప్పటి శాంసంగ్ ఇప్పటి శాంసంగ్ కాదు. 1993లో ఆయన లాస్ ఏంజిలిస్‌లో దుకాణాలు చూడటానికి వెళితే, తమ టీవీలు చవక సరుకులా ఓ మూలన దుమ్ముకొట్టుకుని కనిపించాయి. అలాంటి రోజుల్లో, పని లేని మనిషికి ఏడాది జీతమిచ్చి పరాయి దేశంలో ఉంచడమంటే సామాన్యమా? నాకు ఇందులో కనిపించేది ఖర్చు కాదు, ఓపిక.

పని ఎందుకు ఇవ్వలేదో ఆలోచించండి. పని మీద వెళ్లినవాడిని ఆఫీసు కాచుకుంటుంది. ఎయిర్‌పోర్టుకు కారు వస్తుంది, గెస్ట్‌హౌస్ ఉంటుంది, ఇంగ్లీషు వచ్చిన మనిషి పక్కనే ఉంటాడు. ఊరు అతనికి కారు అద్దంలోంచే కనిపిస్తుంది. పని లేనివాడికి ఆ రక్షణ ఉండదు. ఇంటి ఓనరుతో తనే బేరమాడాలి. దుకాణంవాడు రేపు రమ్మంటే నిజంగా రేపేనా, లేక మర్యాదగా కుదరదని చెబుతున్నాడా, తనే తేల్చుకోవాలి. ఎవరైనా భోజనానికి పిలిస్తే అక్కడ చూస్తాడు: ఫ్రిజ్ వంటింట్లో ఉందా, ముందుగదిలో నలుగురికీ కనిపించేలా ఉందా? కొత్త టీవీ కొనాలంటే ఆఖరి మాట ఎవరిది, ఇంటాయనదా, ఇంటావిడదా, చదువుకుంటున్న పిల్లలదా? ఫ్రిజ్‌లూ టీవీలూ అమ్ముకునే కంపెనీకి ఇంతకన్నా విలువైన సమాచారం ఏముంటుంది చెప్పండి! పైగా, తన హోదాను ఎవరూ పట్టించుకోని చోట ఏడాది బతికిన మనిషి ఎదుటివాళ్ల మాట వినడం నేర్చుకుంటాడు. పెద్ద పదవికి నా దృష్టిలో మొదటి అర్హత అదే.

ఇలా శాంసంగ్ వేలమందిని పంపింది. తిరిగొచ్చినవాళ్లను మరిచిపోలేదు కూడా. వాళ్లలో చాలామందిని కొన్నేళ్ల తర్వాత మళ్లీ అదే దేశానికి, ఈసారి బాధ్యతలు అప్పగించి పంపింది. అంటే ఆ ఏడాదిలో నేర్చుకున్నదానికి ఒక కుర్చీ సిద్ధంగా ఉంది.

మన దగ్గర తప్పిపోతున్నది ఇక్కడే అని నాకు గట్టిగా అనిపిస్తుంది. నాకు తెలిసిన ఒక అమ్మాయి జర్మనీలో కొన్నేళ్లు చేసి హైదరాబాద్ వచ్చింది. అక్కడివాళ్లు మీటింగ్‌లో ముఖం మీదే కుదరదనేస్తే అది కోపం కాదనీ, వాళ్లు అభ్యంతరాలన్నీ ముందే చెప్పేసి ఆ తర్వాత మాట మీద నిలబడతారనీ ఆమెకు బాగా తెలుసు. రాగానే ఆమెను బెంచ్ మీద కూర్చోబెట్టారు, అంటే ఏ ప్రాజెక్టూ ఇవ్వకుండా ఖాళీగా ఉంచారు. తర్వాత జర్మనీతో సంబంధమే లేని ప్రాజెక్టులో వేశారు. అక్కడ ఏం నేర్చుకున్నావమ్మా అని ఒక్కరూ అడగలేదు. ఏడాది తిరక్కుండానే వేరే కంపెనీకి వెళ్లిపోయింది.

ఇది ఆమె ఒక్కదాని కథ కాదు. అమెరికా పరిశోధకులు బ్లాక్, గ్రెగర్సన్ 1999లో ప్రచురించిన దాని ప్రకారం, విదేశీ బాధ్యత పూర్తిచేసి వచ్చినవాళ్లలో నాలుగో వంతు మంది ఏడాదిలోపే కంపెనీ వదిలేశారు, చాలాసార్లు పోటీ కంపెనీలోకి. నాలుగో వంతు! అంత ఖర్చుపెట్టి తయారుచేసుకున్న మనుషులను చేతులారా పక్కవాళ్లకు అప్పగించినట్టే కదా.

అందుకని ఆన్‌సైట్ అవకాశం వచ్చినవాళ్లకు ఒక్క మాట చెబుతాను. అలవెన్సు ఎంత, ఇల్లు ఎవరు చూస్తారు అని ఎలాగూ అడుగుతారు. దాంతోపాటు ఇదీ అడగండి: తిరిగొచ్చాక నన్ను ఏ పనిలో పెడతారు? అక్కడున్నంత కాలం ఇక్కడ నా సంగతి చూసేది ఎవరు? నోటి మాటతో సరిపెట్టుకోకండి. మాట్లాడి వచ్చిన రోజే, మీరు చెప్పినదాన్ని నేను ఇలా అర్థం చేసుకున్నాను అని మేనేజరుకూ, హెచ్‌ఆర్‌కూ ఒక మెయిల్ పెట్టండి. ఇదంతా వీసా స్టాంపింగ్‌కు ముందే జరగాలి. అప్పటిదాకా మీ అవసరం వాళ్లకు ఉంటుంది, జవాబు వస్తుంది. విమానం ఎక్కాక అడిగితే, ముందు అక్కడి పని చూడండి, తర్వాత మాట్లాడదాం అంటారు.

సెలవు.